విండోస్‌పై యునిక్స్: సిగ్విన్ చేసే దుబాసీ పని

యునిక్స్ కోసం సి భాషలో రాసిన ప్రోగ్రాము సోర్స్ కోడ్ చేతిలో ఉన్నా, దాన్ని విండోస్‌లో కంపైల్ చేయబోతే తరచూ మధ్యలోనే ఆగిపోతుంది. సి భాష రెండుచోట్లా ఒకటే. ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను సేవలు అడిగే తీరులోనే తేడా ఉంది. యునిక్స్ తరహా సిస్టమ్‌లలో ఆ తీరును పోసిక్స్ ప్రమాణం నిర్ణయిస్తుంది; విండోస్ పద్ధతి వేరు.

ఈ రెంటి మధ్య దుబాసీగా నిలిచేదే సిగ్విన్. అమెరికాలోని సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థలో 1995లో స్టీవ్ చేంబర్లెయిన్ దీన్ని మొదలుపెట్టాడు. దీనికి ఆయువుపట్టు సిగ్విన్1.డీఎల్‌ఎల్ అనే ఫైలు. ప్రోగ్రాము పోసిక్స్ పద్ధతిలో అడిగినదాన్ని అది విండోస్‌కు అర్థమయ్యేలా మార్చి అందిస్తుంది. అయితే లినక్స్‌లో కంపైలైన ప్రోగ్రాము సిగ్విన్‌లో నేరుగా నడవదు, సోర్స్ నుంచి మళ్ళీ కంపైల్ చేయాల్సిందే. చాలామంది పొరబడేది ఇక్కడే.

అన్నిటికన్నా కష్టమైన అనువాదం ఫోర్క్‌ది. యునిక్స్‌లో నడుస్తున్న ప్రాసెస్ ఫోర్క్ అనగానే అచ్చం తనలాంటి మరో ప్రాసెస్ పుడుతుంది. మెమరీ అంతా అప్పటికప్పుడు కాపీ కాదు. ఇద్దరిలో ఎవరైనా ఒక పేజీని మార్చినప్పుడే దాని నకలు తయారవుతుంది. అందుకే పని చిటికెలో అయిపోతుంది. సాధారణ విండోస్ ప్రోగ్రాములకు ఇలాంటి సౌకర్యం లేదు. కాబట్టి సిగ్విన్ ముందు కొత్త ప్రాసెస్‌ను పుట్టించి, ఆపి ఉంచి, మొదటి ప్రాసెస్ డేటాను అందులోకి కాపీ చేసి, అప్పుడు నడిపిస్తుంది. పైగా డీఎల్‌ఎల్‌లు రెండింటిలోనూ ఒకే చిరునామాలో ఉండాలి. ఆ చోటును మరొకటి ఆక్రమిస్తే ఫోర్క్ విఫలమవుతుంది.

యునిక్స్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్నచిన్న ప్రోగ్రాములను వందల సార్లు నడుపుతుంది. లినక్స్‌లో చప్పున ముగిసే ఆ పని సిగ్విన్‌లో నత్తనడక నడవడానికి కారణం ఇదే. అది కంప్యూటర్ లోపం కాదు.

మింగ్‌డబ్ల్యూ దారి వేరు. అది దుబాసీని పెట్టదు. నేరుగా విండోస్ ప్రోగ్రామునే తయారుచేస్తుంది. ఫోర్క్‌పై ఆధారపడిన కోడ్‌ను మాత్రం చేత్తో తిరగరాయాలి. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన డబ్ల్యూఎస్‌ఎల్ లినక్స్ ప్రోగ్రాములనే యథాతథంగా నడుపుతుంది. దాని రెండో రూపంలో అసలు లినక్స్ కెర్నలే ఉంది. కానీ అక్కడ తయారయ్యేది మామూలుగా లినక్స్ ప్రోగ్రామే, విండోస్ ప్రోగ్రాము కాదు.

తయారైన ప్రోగ్రామును ఇంకొకరి విండోస్ కంప్యూటర్‌కు ఇవ్వాలంటే, వీలైతే మింగ్‌డబ్ల్యూనే నయం. సిగ్విన్‌తో చేసినదైతే ఆ డీఎల్‌ఎల్‌ను కూడా వెంట పంపాలి. అక్కడ ఇప్పటికే మరో వెర్షన్ డీఎల్‌ఎల్ ఉంటే రెండూ పేచీ పడే అవకాశం ఉంది.