జాడీకి ముడుల తొడుగు



పోయిన దసరా సెలవుల తర్వాత నేను ఇంటి నుండి పచ్చడి సీసా తెచ్చాను. అది నా పెట్టె మీద నుండి జారి పగిలింది. మూడో తరగతి చెల్లి కాలికి గాజు పెంకు గుచ్చుకుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

తెరచాప ఓడల కాలంలో నావికులు నెలల తరబడి సముద్రం మీదే ఉండేవారు. ఓడ ఊగితే సీసాలు ఒకదానికొకటి తగిలి పగులుతాయి కదా! ఖాళీ సమయంలో వాళ్ళు తాళ్ళతో సీసాలకు తొడుగులు అల్లేవారు. అమెరికాకు చెందిన క్లిఫర్డ్ యాష్లీ అనే ఆయన ముడులన్నీ సేకరించి 1944లో పెద్ద పుస్తకం వేశారు. అందులో 3,800కు పైగా అంశాలకు నంబర్లు ఉన్నాయి.

కావలసినవి: గాజు జాడీ, 8 తాళ్ళు (ఒక్కొక్కటి జాడీ ఎత్తుకు సుమారు 8 రెట్లు), ఒక చిన్న తాడు.

చేసే విధానం:

1. చిన్న తాడు జాడీ మెడకు కట్టాలి. 8 తాళ్ళను సగానికి మడిచి దానికి తగిలించాలి. 16 పోగులు వస్తాయి.

2. నాలుగేసి పోగులు తీసుకోవాలి. మధ్య రెండూ కదపకూడదు. ఎడమ పోగును మధ్యవాటి మీదుగా, కుడి పోగు కిందుగా పోనివ్వాలి. కుడి పోగును మధ్యవాటి కిందుగా తీసి, ఎడమ సందులోంచి పైకి లాగాలి.

3. ఇప్పుడు ఇదే పని కుడి వైపు నుండి చేయాలి. అప్పుడే ముడి పూర్తి.

4. రెండో వరసలో పక్కపక్క ముడుల నుండి రెండేసి పోగులు కలిపి ముడి వేయాలి. వరసల మధ్య ఎడం సమానంగా ఉండాలి.

5. అడుగున అన్నీ కలిపి గట్టిగా కట్టాలి.

నేను మొదట ప్రతిసారీ ఎడమ నుండే వేశాను. అల్లిక మొత్తం మెలి తిరిగిపోయింది. ఏడుపొచ్చింది. సంక్రాంతికి ఇంటికి తీసుకుపోయాను. మా నాన్నకు చదువు రాదు గానీ అడ్డ నారతో తాళ్ళు పేనుతాడు. చూసి, “ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. మోపు కట్టినా అంతేనమ్మా” అన్నాడు. నావికులు తెరచాప మడిచి కట్టే రీఫ్ ముడికి కూడా ఇదే సూత్రం. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే జారిపోతుంది.

ఇందులో మన లెక్కల పాఠం కూడా ఉంది. నాలుగు ముడుల మధ్య సమచతుర్భుజం వస్తుంది. దాని భుజాలు మారవు, కోణాలు మారతాయి. అందుకే ఒకే వల జాడీ పొట్ట దగ్గర విచ్చుకుంటుంది, మెడ దగ్గర ముడుచుకుంటుంది.

గమనిక: తొడుగు ఉన్నా గట్టిగా పడితే గాజు పగులుతుంది. అంచున పెట్టకండి.

నేను సరిగ్గా అల్లిన మొదటి జాడీ ఆ చెల్లికే ఇచ్చాను. రెండోది చేయడానికి ఎవరు వస్తారు?

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని