పెంపుడుకుక్క వేట

గడచిన వానకాలమున ఒకనాటి యుదయము మా పెరటిలో వేపచెట్టు క్రింద మా కుక్క యొక యుడుతను నోట కఱచుకొని నిలిచియుండెను. తోక యాడించుచు, ఏదో ఘనకార్యము చేసినదానివలె నావంక చూచుచుండెను. ఉడుత యప్పటికే చచ్చినది. మా చిన్నమ్మాయి యేడ్చుచు వచ్చి, "నాయనా, రాత్రి దీనికి అన్నము పెట్టితిమి గదా, మఱి యెందుకు చంపినది?" అని యడిగినది. నేను బదులు చెప్పులోపల కుక్క ఆ యుడుతను రెండు గుటకలలో మ్రింగివేసినది. విద్యార్థులారా, కుక్కను పెంచు మీ యిండ్లలోను ఈ ప్రశ్న యెన్నడో యొకనాడు పుట్టియే యుండును. కావున దానిని గూర్చి కొంత విచారింతము.

కుక్క తోడేలు సంతతికి చెందినది. అది మనుష్యుని చెంత చేరి 14,000 ఏండ్లకు తక్కువ గాలేదు. తోడేలు వేటాడునప్పుడు మొదట గుఱి చూచును. పిమ్మట పొంచి నడచును, తరుమును, పట్టి కఱచును, విదిలించి చంపును, తుదకు చీల్చి తినును. ఈ పనులు గొలుసు లంకెలవలె ఒకదానివెంట నొకటి వచ్చును. మనుష్యుడు తనకు వలసిన కుక్కలను తరతరములుగా ఏరి పెంచుచు, ఆ గొలుసులో కొన్ని లంకెలను బలపఱచి కొన్నింటిని సడలించినాడు. గొఱ్ఱెలను కాయు కోలీ జాతికుక్క కన్నార్పక చూచి, పొంచి, మందను మళ్లించును గాని కఱవదు. రిట్రీవరు జాతికుక్క తుపాకిదెబ్బ తిన్న పక్షిని పంటిగాటు లేకుండ తెచ్చి యజమానుని చేత పెట్టును. దక్కను పీఠభూమిలోని ముధోల్ కుక్క కుందేటిని తరుముటలో ఆరితేరినది. నల్లమల చెంచులకును వేటలో కుక్కయే తోడు. ఇక టెర్రియరు జాతివానిని ఎలుకలను చంపుటకొఱకే పెంచిరి. 1823 లో లండనునందు బిల్లీ యను కుక్క పందెపు గోదాలో విడిచిన 100 ఎలుకలను అయిదున్నర నిమిషములలో చంపినదట. అనగా ఒక్కొక్క యెలుకకు నాలుగు సెకనులైన పట్టలేదు. తినుటకు తీరిక యెక్కడిది? చూచి చప్పట్లు కొట్టినవారికంటె ఆ కుక్కయే మేలని నా యభిప్రాయము గాని, ఆ మాట యిక్కడ అప్రస్తుతము.

చంపుట వేఱు, ఆకలి వేఱని దీనివలన తెలియుచున్నది. కుక్కపిల్ల పాతగుడ్డను నోట పట్టి తల నిటునటు విదిలించుచుండగా మనము ముద్దుగా నవ్వుదుము. ఎలుక వెన్ను విఱుచు విదిలింపును అదియే. పరుగెత్తు చిన్నప్రాణి కంటబడినంతనే ఆ గొలుసు కదలును. కడుపు నిండియున్నను కదలును. కాబట్టి కుక్కకు పెరుగన్నము మఱింత పెట్టినచో వేట మానునని పెద్దలు తలచుట పొరపాటు. చంపిన పిమ్మట కొట్టుటయు వ్యర్థమే. ఆ దెబ్బ యెందుకు తగిలినదో కుక్కకు తెలియదు. నోటిలోనిది దాచుకొనవలెనని, త్వరగా మ్రింగవలెనని మాత్రము నేర్చుకొనును. మా కుక్క రెండు గుటకలలో మ్రింగుటకు కారణము, అంతకుముందు రెండుమారులు నేను దానిని కొట్టుటయే యని యిప్పుడు తోచుచున్నది.

ఇట్లు తినినదానివలన కుక్కకు కలుగు కీడు పలువిధములు. ఎలుకలకు పెట్టు విషములలో కొన్ని నెత్తురు గడ్డకట్టకుండ చేయును. అట్టి విషము తిన్న యెలుక వెంటనే చావదు. కొన్నినాళ్లు మందముగా తిరుగును. అందుచేతనే కుక్కకు సులభముగా దొరకును. అట్టివానిని తిన్న కుక్కయు మూడునాలుగు దినములు బాగుగనే కనబడి, పిమ్మట చిగుళ్లు పాలిపోయి, నీరసించి, లోలోపల నెత్తురు కాఱి పడిపోవచ్చును. సకాలమున పశువైద్యునికడకు కొనిపోయినచో కె విటమినుతో బ్రదికించుటకు వీలున్నది. వీధిలో విషము పెట్టిన మాట వైద్యునికి తప్పక చెప్పవలెను. వానకాలమున దీపము చెంతకు వచ్చు గరుకుచర్మపు కప్ప వేఱొక యపాయము. దాని కన్నుల వెనుక నున్న యుబ్బులనుండి పాలవంటి విషము స్రవించును. దానిని కఱచిన కుక్క నోట నురుగు గ్రక్కును. అప్పుడు తల క్రిందికి వంచి, నీరు గొంతులోనికి పోకుండ నోటిని కడిగి వైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె విచిత్రమైనది యొక పురుగు కథ. స్పైరోసెర్కా యను నీ పురుగు గ్రుడ్లు కుక్కమలముతో వెలువడును. వానిని పేడపురుగు తినును. పేడపురుగును బల్లియో, కోడియో, ఎలుకయో తినును. ఆ బల్లిని కుక్క తినినచో, అంతవఱకు నిద్రించినట్లున్న పురుగుపిల్ల మేల్కొని కడుపుగోడను తొలిచి, నెత్తురునాళముల గోడలవెంట ప్రాకి, గుండెనుండి వెడలు పెద్దనాళమును చేరి, నెలలు గడచిన పిమ్మట అన్ననాళములో కంతి కట్టుకొని కాపురముండును. కుక్క తిన్నది తిన్నట్లు క్రక్కుచు చిక్కిపోవును. ఒక్కొక్కప్పుడు ఆ కంతి పుండై ప్రాణము తీయును. గోడమీది బల్లిని పట్టినదని మనము లెక్కచేయము గదా!

మనుష్యులకు సంబంధించిన భయము మఱియొకటి కలదు. ఎలుకలయందును ఉడుతలయందును పిచ్చికుక్కరోగము మిక్కిలి యరుదు. ముంగిసయందును నక్కయందును అట్లు కాదు. పొలములో ముంగిసతో పోరాడి మూతిపై గాటుతో వచ్చిన కుక్కను చూచి "గెలిచి వచ్చినది" అని మురియరాదు. మూడునెలల ప్రాయమున మొదటి టీకా వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. చచ్చిన జంతువును కుక్కనోటినుండి చేతితో లాగబోకుడు; ఎంత మచ్చికగల కుక్కయైనను అప్పుడు కఱవవచ్చును. దానికి మిక్కిలి యిష్టమైన తిండి యేదైన చూపినచో నోటిలోనిది తానే విడుచును. ఒకవేళ కఱచినచో గాయమును సబ్బుతో, పాఱెడు నీటితో 15 నిమిషములు కడిగి, నాడే ఆసుపత్రికి పోవలెను. దెబ్బలు తగులునను భయముతో కాటును తల్లిదండ్రులకు చెప్పక దాచు పిల్లలు కలరు. తల్లిదండ్రులారా, ఈ విషయమున మాత్రము పిల్లలను కోపగింపకుడు.

వేటాడబడు ప్రాణుల పక్షమున ఒక మాట చెప్పి ముగించెదను. న్యూజీలండు దేశమున గబ్బిలములు తప్ప నేలజంతువులలో చంటిపిల్లలకు పాలిచ్చునవి ఆదియందు లేవు. అందువలన అచ్చటి కివి పక్షి యెగురుట మఱచినది. ఎగురు పక్షులకుండు గట్టి యెదురొమ్ము దానికి లేదు. కుక్క ఆటగా నోట పట్టినను రొమ్ము నలిగి చచ్చును. 1987 లో వైటాంగి యడవిలో కివులు ఒకటొకటిగా చచ్చిపడుచుండెను. పరిశోధనకై రేడియో కట్టియుంచిన 24 పక్షులలో 13 చచ్చినవి. అడవి మొత్తముమీద దాదాపు 900 పక్షులుండగా అందు 500 వఱకు నశించినవని అంచనా వేసిరి. చంపినది కుక్కలగుంపు గాదు. మెడకు పట్టీ గల యొక్క జర్మన్ షెపర్డ్ కుక్క. ఇదియంతయు కొన్ని వారములలో జరిగినది. ఆ కుక్కను కాల్చివేసిన పిమ్మట చావులు ఆగినవి.

మన పొలములలో కివులు లేవు. తీతువు ఉన్నది. అది బయలునేలమీద నాలుగు రాళ్లనడుమ గ్రుడ్లు పెట్టి, కుక్క వచ్చినప్పుడు తలపై తిరుగుచు అఱచుటకంటె వేఱేమియు చేయజాలదు. ఎండకాలమున చేలగట్లవెంట నడచునప్పుడు కుక్కను త్రాటితో పట్టుకొని నడచినచో ఆ యఱపు కొంతసేపటికి ఆగును, మీరే చూడవచ్చును.

మా కుక్క యిప్పుడు తెల్లవాఱినది మొదలు ఎండ యెక్కువఱకు వేపచెట్టునకు కట్టబడి యుండును. పిలిచినంతనే వచ్చుట మా చిన్నమ్మాయి దానికి నేర్పుచున్నది, సగము నేర్చినది. ఉడుతలు మాత్రము ఆ గొలుసు ఎంతదూరము వచ్చునో జానెడు తేడా లేకుండ కొలిచి పెట్టుకొన్నవి. ఆ హద్దున కూర్చుండి వేపపండ్లు తినుచున్నవి.