పగడాల ట్యాంకుకు నాచు స్క్రబ్బర్: ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

హైదరాబాద్ కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఫ్లాట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లను కదిలిస్తే రెండో మాట నాచు గురించే వస్తుంది. చేపలకు వేసిన మేత ఎక్కడికీ పోదు. తిన్నది విసర్జనగా మారి, తిననిది కుళ్లి, చివరికి నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ రెండూ నాచుకు ఎరువు. రాళ్ల మీద, అద్దం మీద, పగడాల సందుల్లో పచ్చగా అల్లుకుపోతుంది. దాన్ని పీకుతూ కూర్చునే బదులు, అంతకంటే మంచి వెలుతురు, ప్రవాహం ఉన్న చోటొకటి పక్కన ఏర్పాటు చేస్తే నాచు అక్కడ పెరుగుతుంది. వారానికోసారి గీకి పారేస్తే ఎరువు కూడా దాంతో పాటే బయటికి పోతుంది. నాచు స్క్రబ్బర్ అంటే ఇంతే: ఒక గరుకు జాలీ, దాని మీదుగా పారే నీళ్లు, రెండు వైపులా లైట్లు.

దీన్ని తీర్చిదిద్దినవాడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ. పగడపు దిబ్బల మీద పొట్టిగా, దట్టంగా పెరిగే నాచు పోషకాలను ఎంత వేగంగా పీల్చేస్తుందో గమనించి, దాన్నే రీఫ్ ట్యాంకుకు ఫిల్టరుగా మార్చాడు. 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో తెరిచిన పెద్ద రీఫ్ అక్వేరియం కూడా మొదట ఈ పద్ధతి మీదే నడిచింది. మనకు అంత హంగామా అక్కర్లేదు. రాణిగంజ్‌లో పైపు, మోటారు, కోఠీ గుజరాతీ గల్లీలో లైట్లు, అల్లికల సామాన్ల దుకాణంలో ప్లాస్టిక్ కాన్వాస్ దొరికితే పని మొదలుపెట్టొచ్చు.

మొదలుపెట్టేముందు రెండు మాటలు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఏది కొన్నా ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి. క్లౌన్ చేపల్లాంటివి హేచరీల్లో పుట్టినవే దొరుకుతాయి, వాటితోనే మొదలుపెట్టండి.

రెండోది నీళ్లు. ఐటీ కారిడార్ అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్లు, బోరు, ట్యాంకర్ అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే అంకె వందల్లో కనిపిస్తుంది. తెలంగాణ భూగర్భ జలాల్లో నైట్రేట్ పరిమితి దాటిన చోట్లు చాలా ఉన్నాయని కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలే చెబుతున్నాయి. అలాంటి నీళ్లు పోస్తే స్క్రబ్బర్ చేపల మేతతో పాటు బోరునీళ్ల నైట్రేట్‌ను కూడా మోయాల్సి వస్తుంది. వంటింటి ఆర్వో కూడా చాలదు. రుచి కోసం అది మళ్లీ కొన్ని లవణాలు కలిపే వదులుతుంది. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ (డీఅయనైజేషన్) గొట్టం తగిలించి, మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలపండి.

జాలీ కొలత

ఇక్కడే చాలామంది పొరబడతారు. జాలీ ఎంత ఉండాలన్నది ట్యాంకు ఎన్ని లీటర్లన్న దాన్ని బట్టి ఉండదు, రోజూ ఎంత మేత వేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. గడ్డకట్టించి అమ్మే మేత రోజుకు ఒక క్యూబ్, లేదా సుమారు 3 గ్రాముల గుళికలు వేసేవారికి, రెండు వైపులా లైటు పడే జాలీ 75 నుంచి 80 చదరపు సెంటీమీటర్లు ఉంటే చాలు. రెండు క్యూబులు వేస్తే 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. ఒక్కటే వేస్తే ఎత్తు సగానికి తగ్గించండి, వెడల్పు అలాగే ఉంచండి. పెద్దది పెడితే ఇంకా మంచిదనుకుంటారు గానీ, మేత తక్కువై జాలీ అంతా పలచగా, పసుపుగా పడి ఉంటుంది.

కాన్వాస్‌ను ఆ కొలతకు కత్తిరించి, హ్యాక్సా బ్లేడుతో రెండు వైపులా, అడ్డంగా నిలువుగా గీకండి. ఈ పనిలో బద్ధకం పనికిరాదు. వేలితో రాస్తే కాకరకాయ మీద రాసినట్టు గరుగ్గా తగలాలి. నున్నటి జాలీ మీద నాచు పట్టినట్టే పట్టి, బరువెక్కగానే ఊడి నీళ్లలో పడుతుంది.

పైపు, ప్రవాహం

ముప్పావు అంగుళం పీవీసీ పైపు తీసుకుని, 10 సెంటీమీటర్ల దూరంలో రెండు చిన్న రంధ్రాలు వేసి, వాటి మధ్య 3 మిల్లీమీటర్ల వెడల్పున గాడి కోయండి. చివర రంధ్రాలుంటే పైపు అక్కడి నుంచి చీలదు. జాలీ పై అంచును గాడిలోకి దూర్చి ప్లాస్టిక్ టైలతో బిగించండి. ఒక చివర ఎండ్ క్యాప్, రెండో చివర మోటారు నుంచి వచ్చే గొట్టం. క్యాప్‌కు సొల్యూషన్ పూయకండి, కడగడానికి ఊడి రావాలి. ఇనుప తీగ, ఇత్తడి మర లాంటివి ఎక్కడా వాడొద్దు. రాగి కొంచెం కలిసినా రొయ్యలు, నత్తలు, పగడాలు దక్కవు.

వెడల్పు సెంటీమీటరుకు గంటకు 50 లీటర్లకు పైగా నీళ్లు పారాలి. అంటే మన 10 సెంటీమీటర్ల జాలీకి 530 లీటర్ల దాకా. మోటారు డబ్బా మీది అంకెను నమ్మకండి, ఎత్తుకు ఎక్కేకొద్దీ ధార తగ్గుతుంది. పైపు చివర బకెట్ పెట్టి చూడండి. 10 లీటర్ల బకెట్ 70 సెకన్లలోపు నిండితే సరే. తర్వాత పైపును ట్యాంకు కింది ఫిల్టర్ పెట్టె మీద బిగించండి. జాలీ కింది అంచు నీళ్లకు ఆనుకుని ఉంటే చప్పుడు ఉండదు, తుంపర్లూ లేవవు.

లైట్లు

మొక్కల కోసం అమ్మే 660 నానోమీటర్ల ఎర్ర ఎల్ఈడీలు మేలు. ఒక్కో వైపు 10 వాట్ల దాకా చాలు, జాలీకి జానెడులోపు దూరంలో. తడి తగలకుండా మూసి ఉన్న రకమే కొనండి. ఉప్పు తుంపర కరెంటు వైర్ల దాకా పాకుతుంది కాబట్టి ఆ ప్లగ్గుకు, లీకేజీ ఉంటే కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. లైటు, మోటారు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. మోటారు ఆగి లైటు వెలుగుతూ ఉంటే ఏప్రిల్ ఎండల్లో జాలీ కొన్ని గంటల్లోనే ఎండిపోతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లైన్ ఏవో రెండు మూడు పాయింట్లకే ఉంటుంది. ఏ ప్లగ్గుకు బ్యాకప్ ఉందో ఎలక్ట్రీషియన్‌ను ముందే కనుక్కోండి. మోటారు ఆగినప్పుడు గొట్టంలోని నీళ్లు కిందికి దిగుతాయి, పెట్టెలో ఆ మేరకు ఖాళీ ఉంచండి.

స్క్రబ్బర్ లైటును రాత్రి వేయండి, ట్యాంకు లైటు ఆరిన తర్వాత. ఏసీ వేసి కిటికీలు బిగించిన గదుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో తెల్లవారేసరికి నీటి పీహెచ్ పడిపోతుంది. రాత్రి పెరిగే నాచు ఆ వాయువును పీల్చుకుని పీహెచ్‌ను కొంత నిలబెడుతుంది. మొదటి రెండు వారాలు 9 గంటలు, ఆ తర్వాత మెల్లగా 16 గంటల దాకా పెంచండి.

గీకడం

అసలు ఫిల్టర్ ఇదే. జాలీ మీద నాచు ఉన్నంత కాలం ఎరువు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. ట్యాంకు అద్దం మీది నాచు చిటికెడు తెచ్చి జాలీకి రుద్దితే త్వరగా అందుకుంటుంది. మొదట గోధుమ రంగు జిగట పడుతుంది, కంగారు పడొద్దు. దాన్ని వేళ్లతో తుడిచేస్తూ ఉంటే నెలన్నరలోపు పచ్చటి పోగులు లేస్తాయి.

అప్పటి నుంచి ప్రతి వారం మోటారు ఆపి, పైపుతో సహా జాలీని సింకు దగ్గరికి తీసుకెళ్లండి. పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే తడి ఉన్నిలా ముద్దలుగా వస్తుంది. నాచు వేర్లు మాత్రం వదిలేయండి, తెల్లగా తోమకండి. నల్లా నీళ్ల కింద ఒకసారి తిప్పితే నాచును తినే సూక్ష్మ పురుగులు పోతాయి. గాడిలో పాత టూత్‌బ్రష్ ఆడించండి, ధార సమంగా పడుతుంది. పక్షం దాటిస్తే పై పొర నీడకు కింది వేర్లు చచ్చి, ముద్దంతా ఊడి, పట్టిన ఎరువును తిరిగి నీళ్లకే ఇచ్చేస్తుంది.

రంగు చూసి దిద్దుకోండి. నల్లగా, జిగటగా ఉంటే మేత ఎక్కువ, లైటు తక్కువ. పసుపుగా ఉంటే లైటు ఎక్కువైంది, రెండు గంటలు తగ్గించండి. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే చాలు. సున్నాకు దింపాలన్న పట్టుదల వద్దు, పగడాలు వెలిసిపోతాయి. నీళ్లు పసుపు తేలితే కొంచెం యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. నురగతో మురికిని తీసే స్కిమ్మర్ ఉంటే మూడు నెలలు దాన్ని అలాగే నడవనివ్వండి. నీళ్లు మార్చడం, కాల్షియం చూసుకోవడం ఎలాగూ మానకూడదు.

పలచగా పారే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. నీళ్లు తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి రోజూ మంచినీళ్లే, అంటే డీఐ నీళ్లే, పోసి మట్టం నిలపాలి. వేసవిలో ఆవిరితో నీళ్లు కొంత చల్లబడతాయి గానీ చిల్లర్ అక్కర్లేదనుకోవద్దు. సముద్రం మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లోనే, ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ మన సముద్రాల్లో పగడాలకు వేడి ముప్పు ఎప్పుడుందో హెచ్చరిస్తుంది. మామూలు వేసవి గరిష్ఠం మీద ఒక్క డిగ్రీ పెరిగి వారాలపాటు అలాగే ఉంటే చాలు, అవి తెల్లబారతాయి.

సంక్రాంతికి ఊరెళ్తుంటే ముందు రోజు జాలీ గీకి, లైటు 10 గంటలకు తగ్గించి వెళ్లండి. మేత కూడా తగ్గుతుంది కాబట్టి పది రోజులు నాచు గురించి బెంగ లేదు. మట్టం తగ్గితే నీళ్లు పోసే ఆటో టాప్ అప్ లేకపోతే మాత్రం, రోజూ ఎంత పోయాలో సీసా మీద గీత గీసి పక్క ఫ్లాటువాళ్లకు ఇచ్చి వెళ్లండి.