డబ్బుతో సంతోషం వస్తుందా? శుక్రాచార్యుడు చెప్పిన ఐదు వాటాలు



ఆదివారం స్వాధ్యాయంలో భాగవతం అష్టమ స్కంధం చదువుకుంటున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. వామన చరిత్ర దగ్గరికి వచ్చినప్పుడు ఒక సభ్యురాలు అడిగారు: "డబ్బుతో సంతోషం రాదని పిల్లలకు చెబుతాం. మరి మనం అమెరికా వచ్చింది దేనికి?" అందరం నవ్వాం. నవ్వు ఆగాక మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజు మనం చదువుతున్న అధ్యాయంలోనే ఉంది. ఇంట్లో అందరూ కలిసి చదువుకోవడానికి వీలుగా దాన్ని ఈ సంచికలో పాఠంగా ఇస్తున్నాం.

ఒకే అధ్యాయంలో రెండు మాటలు

అది అష్టమ స్కంధం 19వ అధ్యాయం. నర్మదా తీరంలో బలి చక్రవర్తి యాగం చేస్తున్నాడు. వచ్చిన వటువు మూడడుగుల నేల చాలన్నాడు. ద్వీపాలకు ద్వీపాలే ఇవ్వగల నన్ను ఇంత చిన్న కోరిక కోరతావా అన్నాడు బలి. దానికి వామనుడి జవాబు మొదటి మాట. మూడడుగులతో తృప్తి పడనివాడికి ఒక ద్వీపం ఇచ్చినా చాలదు, ఏడు ద్వీపాలూ కావాలనిపిస్తుంది అన్నాడు.

రెండో మాట శుక్రాచార్యుడిది. వచ్చినవాడు విష్ణువని ఆయన గుర్తుపట్టాడు. శిష్యుణ్ణి ఆపుతూ, బతుకుతెరువు పోగొట్టుకుని చేసే దానాన్ని పెద్దలు మెచ్చరని చెప్పాడు. సంపదను ధర్మానికి, యశస్సుకు, అర్థానికి, కామానికి, స్వజనానికి అని ఐదు భాగాలు చేసుకునేవాడు ఇక్కడా, పరలోకంలోనూ సంతోషంగా ఉంటాడని కూడా చెప్పాడు.

గమనించండి, డబ్బుతో సంతోషం రాదని ఆయన అనలేదు. పంచుకుంటే వస్తుందన్నాడు. పురుషార్థాల్లో అర్థాన్ని రెండోదిగా నిలిపిన సంప్రదాయం మనది.

నేటి పరిశోధనలు కూడా ఇంచుమించు ఇక్కడికే వస్తున్నాయి. అమెరికన్ల రోజువారీ సంతోషం ఏడాదికి 75,000 డాలర్ల ఆదాయం వరకు పెరిగి ఆ తర్వాత ఆగిపోతోందని 2010లో డానియల్ కానెమన్, ఆంగస్ డీటన్ రాశారు. అలా ఆగడం లేదని 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ చూపించారు. 2023లో కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి ఆ లెక్కలు మళ్లీ చూశారు. చాలామందిలో ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉందని, అసలే బాధలో ఉన్నవాళ్లలో మాత్రం సుమారు లక్ష డాలర్ల దగ్గర ఆ పెరుగుదల ఆగిపోతోందని తేల్చారు. అయితే ఈ పెరుగుదల రెట్ల లెక్కన ఉంటుంది. 50 వేలు లక్ష అయినప్పుడు కలిగినంత మేలు మళ్లీ కలగాలంటే లక్ష రెండు లక్షలు కావాలి. వామనుడి ద్వీపాల లెక్క గుర్తుకు రావడం లేదూ?

మా ఇంటి సంగతి

పాఠం చెప్పేవాళ్లం మా లెక్క ముందు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మేమిద్దరం టౌన్‌హౌస్ అమ్మి పెద్ద ఇల్లు కొన్నాం. స్నేహితులు నలుగురు అదే కమ్యూనిటీలో కొన్నారు, అంతకు మించి కారణం లేదు. మార్ట్‌గేజ్, రెండు కార్ల వాయిదాలు, డేకేర్ పోను మిగిలేది దాదాపు ఏమీ ఉండేది కాదు.

రెండేళ్లకు మాలో ఒకరి ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఆ 60 రోజుల గడువు ఎలా గడుస్తుందో తెలుసు. అదే నెలలో తెనాలిలో మాలో ఒకరి తల్లికి ఆపరేషన్ అన్నారు. మేం ఏమీ పంపలేకపోయాం. ఊళ్లో ఉన్న తమ్ముడు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి ఖర్చంతా భరించాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఏడో వారంలో ఉద్యోగం దొరికింది. ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. మాలో ఒకరు రెండోవాళ్లకు చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద 9,000 డాలర్ల బాకీ మోస్తున్నారు. బయటివాళ్లు చూస్తే మాది బాగా సంపాదించే ఇల్లు. ఏ డబ్బు దేనికో ఎన్నడూ కూర్చుని మాట్లాడుకోకపోవడం వల్లే అంత దూరం వచ్చింది. ఐదు వాటాల మాట మాకు కథలో ముక్కగా కాక, పనికొచ్చే మాటగా వినబడింది అప్పుడే.

ఐదు వాటాలు

ఐదూ సమానంగా ఉండాలని శ్లోకంలో లేదు. ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వారు నిర్ణయించుకోవాలి. ఏ వాటా అయినా సున్నా కాకుండా చూసుకోవాలని మాత్రం మేం అర్థం చేసుకున్నాం.

ధర్మం: దానం, సేవ, నిజాయితీగా కట్టే పన్ను ఇందులోకి వస్తాయి. 2008లో ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైఖేల్ నార్టన్ ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ఉదయాన 5 లేదా 20 డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చుపెట్టమన్నారు. సగం మంది తమకోసం, సగం మంది ఇతరుల కోసం పెట్టాలి. ఇతరుల కోసం పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారు. మొత్తం 5 అయినా 20 అయినా తేడా రాలేదు. చిన్న మొత్తమైనా జీతం రాగానే తీసి పక్కన పెట్టడం మంచిది. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు.

యశస్సు: శుక్రుడు పేరు ప్రతిష్ఠలను తప్పనలేదు, ఒక వాటా ఇచ్చాడు. వాటా ఇచ్చాడంటే హద్దు గీశాడన్నమాట. మొదటి పుట్టినరోజు, ఓణీల పండుగ, అరంగేట్రం, గ్రాడ్యుయేషన్ పార్టీ: మనలో చాలా ఇళ్లలో డబ్బు జారిపోయేది ఇక్కడే. వాళ్లు మూడు వందల మందిని పిలిచారు కాబట్టి మనమూ పిలవాలనుకున్న రోజు, మన ఖర్చును మరొకరు నిర్ణయిస్తున్నారు. ఫంక్షన్ హాలు చూడకముందే మొత్తం ఎంతో రాసుకోండి.

అర్థం: రేపటి కోసం నిలిపే డబ్బు. ముందుగా, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. వీసా మీద ఉన్న కుటుంబానికి అది ఊపిరి తీసుకునే వ్యవధి. తర్వాత కార్డు బాకీ. 24 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద 9,000 డాలర్లు ఏడాదంతా ఉంటే వడ్డీయే సుమారు 2,160 డాలర్లు. ఆఫీసువారు 401(కె)లో తమ వంతు జమ చేస్తుంటే, అది పూర్తిగా అందేటంతైనా మనం వేసుకోవాలి. పెళ్లికని కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు వేంకటేశ్వరుడు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మన నమ్మకం. వడ్డికాసులవాడని ప్రేమగా పిలుచుకుంటాం. ఆయనకు హుండీ ఉంది. మనకు జీతం ఒక్కటే.

కామం: ధర్మానికి అడ్డురాని సుఖం. పిల్లలతో ప్రయాణం, సంగీతం క్లాసు, ఇద్దరూ కలిసి బయట భోజనం. ఈ వాటాను పూర్తిగా కోసేసిన బడ్జెట్ రెండు నెలలు నిలవదు. అపరాధభావం లేకుండా ఖర్చుపెట్టండి, ఆ వాటా వరకే.

స్వజనం: ఇక్కడి కుటుంబం, అక్కడి అమ్మానాన్నలు, తోబుట్టువులు. అవసరం వచ్చాక వెతుక్కునే డబ్బు కాదిది. నెలనెలా పక్కన పడుతుండాలి. అక్కడ ఎవరికి ఆరోగ్య బీమా ఉంది, ఎవరికి లేదు, ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు అని ఒకసారి తోబుట్టువులతో ఫోన్లో మాట్లాడి రాసుకోండి. తమ్ముడి అప్పు తీర్చడానికి మాకు మూడేళ్లు పట్టింది. వద్దన్నాడు. అయినా తీర్చాం.

మరి బలి వినలేదు కదా?

స్వాధ్యాయంలో మన పదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగిన ప్రశ్న ఇది. నిజమే, వినలేదు. గురువు చెప్పిన లెక్క తప్పని కాదు, ఇచ్చిన మాట తప్పకూడదని. పోతన పద్యాల్లో ఆ సమాధానం మనలో చాలామందికి చిన్నప్పుడే నోటికి వచ్చింది. శుక్రుడి సలహా మాట ఇవ్వకముందు పనికొస్తుంది. మాట ఇచ్చాక బలి దారే దారి. అందుకే అప్పు తీసుకునేముందు, ఎవరి చదువుకో సాయం చేస్తామని చెప్పేముందు, చందా ప్రకటించేముందు లెక్క చూసుకుందాం. చెప్పాక నిలబడదాం.

ఇంటి పని

ఒకటి: గత మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీయండి. ఒక కాగితం మీద ఐదు గళ్లు గీసి ప్రతి ఖర్చునూ ఏదో ఒక గడిలో రాయండి. ఇల్లు, తిండి స్వజనంలోనే వేయండి. ఎందులోనూ పట్టనివి విడిగా రాయండి. ఆ జాబితాయే ఎక్కువ నేర్పుతుంది.

రెండు: భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోండి. రెండోవారికి తెలియని బాకీ ఏదైనా ఉంటే ఆ రోజే చెప్పేయండి. విన్నవారు ఆ రోజుకు కోప్పడకూడదు. మా ఇంట్లో ఈ షరతు వల్లే మాట బయటికి వచ్చింది.

మూడు: ఒక్క గడిని మాత్రమే ఎంచుకుని వచ్చే మూడు నెలలు మార్చి చూడండి. ఐదూ ఒకేసారి మార్చబోతే ఏదీ మారదు.

నాలుగు: పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని వామనుడి మాట చెప్పి, ఈ ప్రశ్న అడగండి: "మన ఇంటికి మూడడుగులంటే ఏమిటి? ఏవి ఉంటే మనకు చాలు?" ఒక్కొక్కరు మూడేసి రాయాలి. మేం అడిగినప్పుడు మా చిన్నది పెద్ద ఇంటి పేరే ఎత్తలేదు. నాయనమ్మ వేసవిలో రావడం, శనివారం దోశలు, తన గదిలో దీపం. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

వచ్చే స్వాధ్యాయానికి మీ ఐదు గళ్ల కాగితం తెచ్చుకోండి. అంకెలు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఏ గడి ఖాళీగా కనిపించిందో చెబితే చాలు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.