ముదురాకా, లేతాకా?

పాతికేళ్లుగా అద్దాల తొట్టిలో నీటిమొక్కలు పెంచుతున్నాను. చేపలు వాటి పక్కవాయిద్యం. మొక్కలు వాడిపోతున్నాయని ఫోన్ చేసేవాళ్లకు చెప్పీ చెప్పీ నాలుక్కి అలవాటైన మాటలివి.

1. "ఆకులు పచ్చబడ్డాయండీ" అంటారు. మన భాషలో పసుపూ పచ్చే, ఆకుపచ్చా పచ్చే! సరే, పసుపెక్కిందనే అనుకుందాం. ఏ ఆకు? నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పెడుతుంది. కాబట్టి ముందు దెబ్బతినేది కింది ఆకులే. ఇనుము, కాల్షియం అలా కదిలి రావు. వాటి లోటు చిగురులోనే బయటపడుతుంది. మా నాన్న వరిచేను గట్టున నిలబడి అడుగాకులు చూసి, యూరియా సంగతి తేల్చేవాడు. తొట్టికీ అదే లెక్క.

2. హైగ్రోఫిలా ముదురాకుల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే అందరూ నత్తల్ని తిడతారు. భూతద్దం పెట్టి చూడండి. చిల్లు చుట్టూ పసుపు వలయం ఉంటే నత్త నిర్దోషి, అది పొటాష్ లోటు. ఎరువుల కొట్లో దొరికే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చాలు, సంచి మీద 0-0-50 అని ఉంటుంది. ఒక్క గ్రాము 50 లీటర్ల తొట్టిలో కలిపితే లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల పొటాషియం అందుతుంది. నేను వారానికి అంతే వేస్తాను.

3. చిగురు వెలవెలబోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము లోటు. ఇక్కడ నేను డబ్బు తగలేశాను. మాది బోరు నీరు, పీహెచ్ ఏడు దాటుతుంది. ఈడీటీఏ రకం ఇనుము అలాంటి నీటిలో ఎక్కువసేపు నిలవదు. ఆ సంగతి తెలియక మోతాదు రెట్టింపు చేశాను, నాచు పెరిగింది. డీటీపీఏ రకానికి మారాక చిగుళ్లు తేరుకున్నాయి. సీసా కొనేముందు చీటీ చదవండి.

4. క్రిప్టోకోరైన్ కొత్త తొట్టిలోకి మారిన వారంలో ఆకులన్నీ ఉడికిన తోటకూరలా జారిపోతాయి. మొదటిసారి కుళ్లిందనుకుని పీకి పారేశాను. చెత్తబుట్టలో పడ్డాక చూస్తే వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి! రెండోసారి కుళ్లిన ఆకులు తీసేసి, వేళ్ల జోలికి పోలేదు. పంతొమ్మిదో రోజున ఇసుకలోంచి గోరంత ఆకు లేచింది.

5. అనూబియాస్ దుంపను ఇసుకలో పూడ్చకండి, కుళ్లుతుంది. రాయికి దారంతో కట్టండి. జావా ఫెర్న్ ఆకు వెనక వరసగా గోధుమరంగు బొడిపెలుంటే అది జబ్బు కాదు, సిద్ధబీజాలు.

6. వాలిస్నేరియా ఉన్న తొట్టిలో 'లిక్విడ్ కార్బన్' పోయకండి. చాలా సీసాల్లో ఉండేది గ్లుటరాల్డిహైడ్, దానికి ఆ మొక్క కరిగిపోతుంది.

7. చెడిన ఆకు మళ్లీ బాగుపడదు. దాన్ని చూస్తూ మందు పనిచేయలేదనుకోవద్దు. కత్తిరించేసి, కొత్తగా వచ్చే ఆకుల్ని చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చి రెండు వారాలు ఆగండి. మూడు సీసాలు ఒకేరోజు పోసినవాళ్లకు ఏది పనిచేసిందో నేనూ చెప్పలేను.

ఇకమీదట ఫోన్ చేసేవాళ్లు ముందు తొట్టి దగ్గర కూర్చుని, పాడైంది ముదురాకో లేతాకో చూసుకుని చెయ్యండి.