పేజ్‌మేకర్‌లో చిక్కుకున్న తెలుగు

హాస్టల్ తమ్ముళ్ళు కొందరు ఇంటర్ అయ్యాక డి.టి.పి. నేర్చుకుంటామంటున్నారు. మంచిదే. సంగారెడ్డిలోనైనా, పటాన్‌చెరులోనైనా పెళ్ళిపత్రిక, కరపత్రం, ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో అంటించే భద్రతా సూచన తయారయ్యేది డి.టి.పి. సెంటర్లలోనే. ఈ పని ఎక్కువగా నేర్పేది పేజ్‌మేకర్ మీద. అందుకే దాని సంగతి ముందుగా చెప్పాలనుకున్నాం.

పేజ్‌మేకర్‌ను ఆల్డస్ అనే కంపెనీ 1985లో తెచ్చింది. 1994లో ఆ కంపెనీని అడోబీ కొన్నది. 2001లో వచ్చిన 7.0 చివరి పెద్ద వెర్షన్. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపేసి, ఇన్‌డిజైన్‌కు మారమంది. అంటే ఆనాడు పుట్టిన పిల్లలు డిగ్రీ కూడా పూర్తిచేసుకున్నారు, ఆ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలు మాత్రం అలాగే ఉన్నాయి. "బ్యాడ్ హోల్ రికార్డ్ ఇండెక్స్" అని వస్తే పాత ఆపరేటర్లు ఫైలును వేరే పేరుతో సేవ్ చేసి చూస్తారు. అది చిట్కా మాత్రమే. జబ్బుకు మందు వేసే డాక్టరు ఎప్పుడో వెళ్ళిపోయాడు.

మరి ఎందుకు వదలరు? ఇది బద్ధకం కాదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకని 'అను' వంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు: తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు మరో చోట. తెర మీద తెలుగే కనిపిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు. ఆ రోజుల్లో అందమైన తెలుగు అచ్చు కావడానికి ఇదే దారి, ఆ ఫాంట్లు చేసినవారి మేలు మరువరాదు. కాని ఇరవై ఏళ్ళ పని ఆ గుర్తుల్లో పేరుకుపోయింది. పాత ఫైళ్ళు, అలవాటైన కీబోర్డు, చేతివేగం అన్నీ దానితోనే ముడిపడ్డాయి.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. అందులో 'క' అంటే 0సి15, ఏ ఫాంటులోనైనా అదే. ఒక ఉదాహరణ చూద్దాం. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి వేరుపడి సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పాత ఫైళ్ళలో 'మెదక్ జిల్లా' అని ఎక్కడెక్కడ ఉందో వెదకాలంటే యూనికోడ్‌లో నిమిషం పని. పాత ఫాంటులో అయితే ఫైలు ఫైలూ తెరిచి చూసుకోవాలి. చూపులేని మిత్రులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ ఫైళ్ళ ముందు మూగదే.

కొత్తవాటిలో తప్పులుండవని కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఉన్న ఒక మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. మన అక్షరం ప్రపంచమంతా వార్తయింది! కాని ఆపిల్ అదే నెల 19న సవరణ విడుదల చేసింది. తప్పు రెండింటిలోనూ ఉంది. ఒకదానికి దిద్దే మనిషి ఉన్నాడు, రెండోదానికి లేడు, తేడా అంతే.

నేర్చుకునేవారికి మా మాట: ఉద్యోగం కోసం పేజ్‌మేకర్ నేర్చుకోండి, దాంతో ఆగకండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రోజుకు అరగంట సాధన చేయండి. ఇన్‌డిజైన్ కొనలేకపోతే స్క్రైబస్ ఉచితం, 1.5 వరస నుంచి తెలుగు వత్తులు సరిగానే పెడుతుంది. రామభద్ర, గిడుగు, పొన్నాల వంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే.

పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్ళు ఏ అన్నయ్య దగ్గరున్నా ఆలస్యం చేయవద్దు. ఇన్‌డిజైన్‌లో వాటిని తెరవగలిగేది సి.ఎస్.6 వరకే, తరువాతివి తెరవవు. ముందు పి.డి.ఎఫ్. తీయండి, రూపం నిలుస్తుంది. తరువాత మాటలను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఇద్దరు కూర్చుని సరిచూడండి, ఒకరు చదవాలి, ఒకరు దిద్దాలి. వత్తుల దగ్గర, పేర్ల దగ్గర ఎక్కువ తప్పులు వస్తాయి. ఆ పేర్లు మన సీనియర్లవే.