రైలింజన్‌లోనూ ఉంది ఈఈఈ కొలువు

నాలుగేళ్లు ఈఈఈ చదివి, చివరి ఏడాదిలో జావా కోచింగ్‌కు పరుగెత్తే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. సాఫ్ట్‌వేర్ వద్దని కాదు. చదివిన చదువుకు మన లాలాగూడ, విజయవాడ, కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్లలో ఎంత పని ఉందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

మన రైల్వే తీగల్లో ఉండేది 25 కిలోవోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ. డబ్ల్యూఏపీ-7 ఇంజన్ దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, కన్వర్టర్‌తో 2800 వోల్టుల డీసీగా మార్చి, ఇన్వర్టర్‌తో మళ్లీ త్రీఫేజ్ ఏసీ చేసి ఆరు మోటార్లకు ఇస్తుంది. బ్రేకు వేస్తే అవే మోటార్లు జనరేటర్లవుతాయి, కరెంటు వచ్చిన దారినే తీగలోకి వెళ్తుంది. ఇప్పుడు చాలా ఇంజన్లలో 500 కేవీఏ కన్వర్టర్లు మరో రెండు ఉంటున్నాయి. బోగీల్లో లైట్లకు, ఏసీలకు కరెంటు అవే ఇస్తాయి కాబట్టి ఆ రైళ్లలో డీజిల్ జనరేటర్ మోత వినిపించదు.

ఇంజన్ నడిస్తే చాలదు, అది తీసుకునే కరెంటు శుభ్రంగా ఉండాలి. పాత డయోడ్ ఇంజన్లు 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250 హెర్ట్జ్ హార్మోనిక్స్‌నూ లైన్లోకి వదిలేవి, పవర్ ఫ్యాక్టర్‌నూ దించేవి. కొత్త కన్వర్టర్లు పవర్ ఫ్యాక్టర్‌ను దాదాపు ఒకటి దగ్గర నిలబెడతాయి. కానీ సబ్‌స్టేషన్ గ్రిడ్‌లోని రెండు ఫేజుల నుంచే కరెంటు లాగుతుంది కాబట్టి అసమతుల్యత తప్పదు. అందుకే పక్కపక్క సబ్‌స్టేషన్లకు ఫేజులు మార్చి ఇస్తారు. రెండింటి మధ్య న్యూట్రల్ సెక్షన్ పెడతారు. అక్కడ 'డీజే ఓపెన్' బోర్డు చూడగానే లోకో పైలట్ ఇంజన్ బ్రేకర్ తెరుస్తాడు, దాటాక మళ్లీ వేస్తాడు. ఆ కొన్ని క్షణాలు రైలు ఊపు మీదే నడుస్తుంది.

కొత్త కన్వర్టర్లతో కొత్త చిక్కులూ వచ్చాయి. 1995లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆధునిక ఇంజన్లు కొన్ని వాటంతటవే ఆగిపోయాయి. ఏ ఇంజన్‌లోనూ లోపం లేదు. కన్వర్టర్ల కంట్రోలూ, లైనూ కలిసి హార్మోనిక్స్‌ను పెంచుకుంటూ పోయాయి, రక్షణ వ్యవస్థ ఇంజన్లను ఆపేసింది. పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, పవర్ సిస్టమ్స్ అని మనం వేర్వేరు సెమిస్టర్లలో చదివి మరిచిపోయే మూడు సబ్జెక్టులూ ఆ ఒక్క సంఘటనలో కలిశాయి. ఈ మూడింటినీ కలిపి ఆలోచించగలవాళ్లు పరిశ్రమకు ఎప్పుడూ తక్కువే.

ఐటీఐ వాళ్లకు ఆర్‌ఆర్‌బీ టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు ఉన్నాయి. లోకో పైలట్‌కు కంటి పరీక్ష చాలా కఠినం. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉందేమో కోచింగ్‌కు డబ్బు కట్టకముందే చూపించుకోండి. డిప్లొమా, బీటెక్ వాళ్లకు జూనియర్ ఇంజినీర్, ఆపై స్థాయికి యూపీఎస్సీ దారి. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. నా మాట అడిగితే ప్రైవేటు వైపు కూడా గట్టిగా చూడండి. తొలి వందే భారత్‌ను నడిపించిన ప్రొపల్షన్ వ్యవస్థ హైదరాబాద్ కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్ తయారుచేసిందే. డిజైన్ వైపు వెళ్లాలంటే మాత్రం ఎంటెక్ పనికొస్తుంది. వరంగల్ ఎన్‌ఐటీలో పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ ఉంది, గేట్ రాయాలి.

వీటన్నిటికంటే ముందు కాలేజీ ల్యాబ్‌లో ఒక పని చేయండి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ బ్రిడ్జి, కెపాసిటర్, లోడ్ కలపండి. ట్రాన్స్‌ఫార్మర్‌కూ బ్రిడ్జికీ మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి, దాని మీది వోల్టేజిని ఆసిలోస్కోప్‌లో చూడండి. పుస్తకంలో గీసినట్టు నున్నటి సైన్ వేవ్ రాదు, సన్నటి మొనదేలిన పల్స్‌లు వస్తాయి. ఎఫ్‌ఎఫ్‌టీ నొక్కితే 150, 250, 350 దగ్గర గీతలు లేస్తాయి. కెపాసిటర్ విలువ మార్చి, ఇండక్టర్ జోడించి, ప్రతిసారీ ఏ గీత తగ్గిందో రాసుకోండి. తర్వాత అదే సర్క్యూట్‌ను ఉచితంగా దొరికే ఎల్‌టీస్పైస్‌లో కట్టి రెండు ఫలితాలూ పోల్చండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అనగానే అందులోని మొదటి వేవ్‌ఫామ్ చూపించి, అది ఎందుకలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టండి.